చిన్న విమానాలు దగ్గరకొస్తే టవర్ పూచీ ఎంతవరకు?

రాజాం నుంచి ఒకాయన అడిగారు: "మా అబ్బాయి పైలట్ ట్రైనింగులో ఉన్నాడు. మొన్న ఒక్కడూ ఎగురుతుంటే ఇంకో ట్రైనింగు విమానం ఐదారొందల అడుగుల దూరంలోంచి దాటిపోయిందట. ఆకాశంలో అంత జాగా ఉండగా రెండు విమానాలు దగ్గరికెలాగ వస్తాయి? టవర్లో కూకున్నోళ్ళు ఏటి చేస్తన్నట్టు? రేపు భోగాపురం ఎయిర్‌పోర్టులో రాకపోకలు పెరిగితే మన నెత్తి మీదా ఇలాగే ఉంటాదా?"

మీ అబ్బాయి క్షేమంగా దిగాడు, జరిగింది మీ దగ్గర దాచలేదు. ఈ రెండో సంగతి కూడా చిన్నదేం కాదండీ. మీరు అడిగినదానికి కాస్త పొడవుగానే చెప్పాలి. ఎందుకంటే "టవర్ చూసుకుంటుందిలే" అన్న నమ్మకమే ఇలాంటి సంఘటనల వెనక తరచుగా కనబడుతుంది.

విమానం ఎగరడానికి రెండు రకాల నియమాలు ఉన్నాయి. ఐఎఫ్ఆర్ అంటే పరికరాలను చూసుకుంటూ, కంట్రోలర్ చెప్పిన ఎత్తులో, చెప్పిన దారిలో పోవడం. ప్రయాణికుల జెట్‌లన్నీ ఇలాగే వస్తాయి. వీఎఫ్ఆర్ అంటే అద్దంలోంచి బయటకు చూసుకుంటూ పోవడం. ట్రైనింగు విమానాలు చాలామటుకు ఇందులోనే ఉంటాయి. ఇక ఆకాశాన్ని ఏ నుంచి జీ దాకా ఏడు క్లాసులుగా విడగొట్టారు. ఎవరిని ఎవరికి ఎడంగా ఉంచాలన్నది ఆ క్లాసును బట్టి ఉంటుంది. కంట్రోల్ ఉన్న ఆకాశంలో రెండు ఐఎఫ్ఆర్ విమానాల మధ్య ఎత్తులో 1,000 అడుగుల తేడా, లేదా రాడార్ మీద 5 నాటికల్ మైళ్ళ (ఒక్కోటి సుమారు 1.85 కిలోమీటర్లు) ఎడం, ఎయిర్‌పోర్టు దగ్గరైతే కొన్నిచోట్ల 3 మైళ్ళ ఎడం ఉంచడం పూర్తిగా కంట్రోలర్ పూచీ. కానీ రెండూ వీఎఫ్ఆర్ విమానాలైతే, బీ క్లాసులో తప్ప, వాటిని విడదీసి ఉంచే బాధ్యత కంట్రోలర్‌కు లేదు. సీ, డీ క్లాసుల్లో ఆయన ఇవ్వాల్సింది సమాచారం: "ఫలానా చోట, ఫలానా ఎత్తులో ఇంకో విమానం ఉంది, చూసుకో" అని. జీ క్లాసులో అయితే ఆయనకు తెలిసినంతవరకే చెబుతారు. అంతర్జాతీయ విమానయానానికి మూలమైన చికాగో ఒప్పందం 2వ అనుబంధంలో స్పష్టంగా ఉంది: కంట్రోలర్ ఇచ్చిన ఏ క్లియరెన్సు (అనుమతి) ఉన్నా సరే, ఢీకొనకుండా చూసుకునే బాధ్యత పైలట్ మీద నుంచి తొలగిపోదు.

అంటే మీ అబ్బాయి, ఆ రెండో కుర్రాడు ఇద్దరూ వీఎఫ్ఆర్‌లో ఉంటే, వాళ్ళ మధ్య ఇన్ని అడుగులు ఉండాలని కంట్రోలర్ కొలిచి కాపాడాల్సిన దూరం అంటూ ఏదీ లేదు. వినడానికి కష్టంగా ఉన్నా నిజం ఇదే.

మరి టవర్ చేసేదేమిటి? రన్‌వేను కాపాడుతుంది. ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చెయ్యకుండా, లేదా నిబంధనలు ఒప్పుకున్నంత దూరం పోకుండా, వెనకదానికి దారి ఇవ్వదు. సర్క్యూట్‌లో (దిగడానికి రన్‌వే పక్కన వేసే దీర్ఘచతురస్రపు చుట్టులో: రన్‌వేకు సమాంతరంగా వెనక్కి పోయేది డౌన్‌విండ్, అడ్డంగా మళ్ళేది బేస్, రన్‌వేకు నేరుగా దిగే చివరి దారి ఫైనల్) తిరిగే విమానాలకు వరస కడుతుంది: నువ్వు రెండోవాడివి, బేస్‌లో ఉన్న సెస్నా (చిన్న ట్రైనింగు విమానం) వెనక రా, అని. పెద్ద విమానం వెనక చిన్నది దిగాలంటే గాలి సుడి అణగడానికి ఆగమంటుంది. ఏ320 లాంటి మధ్యస్థ బరువు జెట్ వెనక 7 టన్నులలోపు విమానం దిగేటప్పుడు 3 నిమిషాలు. వీటిలో తేడా వస్తే టవర్‌ను నిలదీయొచ్చు. కానీ టవర్ కంట్రోలర్ ప్రధానమైన పనిముట్టు కిటికీ. ట్రైనింగు జరిగే చిన్న ఎయిర్‌ఫీల్డుల్లో చాలాచోట్ల ఆయన ముందు రాడార్ తెర ఉండదు. మూడు మైళ్ళ అవతల రెండు తెల్లటి చుక్కల్లో ఏది ఎవరో, ఏది పైనో ఏది కిందో కంటితో చెప్పడం ఆయన వల్ల కూడా కాదు. పైలట్లు రేడియోలో చెప్పిన స్థానాలను బట్టే ఆయన మనసులో బొమ్మ గీసుకుంటారు. ఒక్క పైలట్ తప్పు చోటు చెబితే ఆ బొమ్మంతా తప్పుతుంది.

కొన్ని ఫీల్డుల్లో టవర్ ఉండదు, లేదా కొన్ని గంటలే ఉంటుంది. అక్కడ పైలట్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకరికొకరు చెప్పుకుంటూ తిరగాలి. ఫ్లయింగ్ స్కూల్ మనిషి రేడియోలో "రన్‌వే ఖాళీగా ఉంది" అన్నా అది సమాచారమే తప్ప క్లియరెన్సు కాదు. మీ అబ్బాయి ఎగిరే చోట ఏ ఏర్పాటు ఉందో మొదట తెలుసుకోండి. సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు: కన్ను. ఇద్దరు ట్రైనీలు ఒక్కొక్కరు 90 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో ఎదురెదురుగా వస్తే దగ్గరయ్యే వేగం 180 నాట్లు, అంటే సెకనుకు 92 మీటర్ల పైచిలుకు. ఎదుటి వస్తువును చూడటం, అది విమానమని పోల్చుకోవడం, తన మీదికే వస్తోందని గ్రహించడం, ఎటు తిప్పాలో తేల్చుకోవడం, చెయ్యి కదలడం, విమానం ఆ మాట వినడం: ఇవన్నీ కలిపి 12.5 సెకన్లని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్క. ఆ సమయంలో దాదాపు 1,150 మీటర్లు కరిగిపోతాయి. అంటే అంత దూరంలో ఉండగానే చూసి తీరాలి. ఆ దూరంలో సెస్నా 172, 11 మీటర్ల రెక్కలతో సహా, చాచిన చేతి దూరంలో ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. రెక్క ఎదురునుంచి సన్నటి గీతే కాబట్టి నిజంగా కనబడేది మధ్యలోని బాడీ, అది ఒక మిల్లీమీటరు లోపు.

ఇంకో కిటుకు ఉంది, దీన్ని ప్రతి ట్రైనీ గుర్తు పెట్టుకోవాలి. ఢీకొనబోయే విమానం అద్దంలో కదలదు. పక్కకు జరుగుతున్న చుక్క ముందునుంచో వెనకనుంచో దాటిపోతుంది. ఒకేచోట అతుక్కుపోయి ఉన్న చుక్కే ప్రమాదం, అది చివరి కొన్ని సెకన్లలో హఠాత్తుగా పెద్దదవుతుంది. మన కన్నేమో కదిలేదాన్ని పట్టుకోవడానికి అలవాటుపడింది. పైగా ఆ కదలని చుక్క అద్దం ఫ్రేము వెనకో, పక్క సీటు మనిషి తల వెనకో ఉంటే అక్కడే దాక్కుని వస్తుంది. అందుకే కళ్ళొక్కటే తిప్పితే చాలదు, తల ముందుకూ పక్కకూ జరపాలి. చూపును గబగబా తుడిచినట్టు తిప్పకూడదు. పదేసి డిగ్రీల ముక్క తీసుకుని ఒక్కోదాని మీద కనీసం ఒక సెకను నిలపాలి. చూడటానికేమీ లేని మబ్బులేని ఆకాశంలో కన్ను తనంతట తానే మీటరో రెండు మీటర్లో దగ్గరి దూరానికి ఫోకస్ అయిపోతుంది. అందుకని మధ్యమధ్య దూరపు కొండనో తీరపు అంచునో చూసి సరిచేసుకోవాలి.

ఇలాంటివి ఎక్కువగా మబ్బులోనో చీకట్లోనో జరుగుతాయనుకుంటాం. కాదు. పట్టపగలు, మంచి వాతావరణంలో, ఎయిర్‌ఫీల్డు చుట్టుపక్కల, తక్కువ ఎత్తులో జరుగుతాయి. అందరూ అక్కడికే రావాలి, అదే 1,000 అడుగుల ఎత్తులో తిరగాలి, అదే ఫైనల్‌లోకి మళ్ళాలి. మీరన్న ఆకాశమంత జాగా రన్‌వే దగ్గరకొచ్చేసరికి ఇరుకు సందు అయిపోతుంది. ఎదురెదురుగా రావడం కంటే ఒకటి ఇంకోదాన్ని వెనకనుంచో పైనుంచో అందుకోవడమే ఎక్కువ. సెస్నా డౌన్‌విండ్‌లో 85 నాట్లతో పోతుంటే వెనక రెండు ఇంజన్ల ట్రైనర్ 115తో వస్తుంది. ముప్ఫై నాట్ల తేడాకు ఒక మైలు ఎడం రెండు నిమిషాల్లో హరిస్తుంది, అంటే ఇంచుమించు డౌన్‌విండ్ అయ్యేలోపే. సెస్నాకు రెక్క పైన ఉంటుంది కాబట్టి పైన ఏముందో కనబడదు. పైపర్, డైమండ్ లాంటివాటికి రెక్క కింద ఉంటుంది, కింద ఏముందో కనబడదు. ఫైనల్‌లో కింద సెస్నా, పైన పైపర్ వస్తే ఇద్దరికీ ఇద్దరూ కనబడరు. అన్నిటికంటే భయపడాల్సిన అమరిక ఇదే.

దీనికి చేయగలిగినవి ఉన్నాయి. డౌన్‌విండ్ కాల్ (అక్కడున్నానని రేడియోలో చెప్పే మాట) ముందూ కాకుండా, ఆలస్యమూ కాకుండా, రన్‌వే మధ్యకు సమంగా వచ్చినప్పుడే ఇవ్వాలి. ఇంకా వెనకుండగానే ఇస్తే కింద నుంచి వెతికేవాడు తప్పు చోట వెతుకుతాడు. ఎడమచేతి సర్క్యూట్‌లో బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే ముందు ఎడమ రెక్క వైపే కాదు, కుడివైపు ఫైనల్ దారి పొడవునా చూడాలి, దూరం నుంచి నేరుగా ఫైనల్‌కు వచ్చేవాళ్ళు అక్కడే ఉంటారు. పై రెక్క విమానమైతే తిరిగే ముందు ఆ వైపు రెక్కను కాస్త ఎత్తి చూసుకుని అప్పుడు తిప్పాలి. ముందు విమానం కనబడకపోతే బేస్‌కు తిరగకూడదు, డౌన్‌విండ్ పొడిగిస్తున్నానని చెప్పాలి. సర్క్యూట్ మధ్యలో చెప్పకుండా గుండ్రంగా తిరగడం మాత్రం ఎప్పుడూ చెయ్యకూడదు. వెనక వచ్చేవాడి ముక్కుకు ఎదురవుతారు. ల్యాండింగ్ లైట్లు పగలైనా వెలగాలి.

దారి హక్కు నియమాలు కూడా నోటికి రావాలి. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి. అడ్డంగా కలిసేటప్పుడు కుడివైపు ఉన్నవాడిది హక్కు. దాటిపోయేవాడు ముందువాడికి కుడిపక్క నుంచి పోవాలి. దిగేవాళ్ళలో కింద ఉన్నవాడిది హక్కు, కానీ ఆ సాకుతో ముందుకు దూరకూడదు.

టవర్ ఇచ్చే ట్రాఫిక్ సమాచారాన్ని వాడుకోవడం ఒక విద్య. "ట్రాఫిక్, టూ ఓ క్లాక్, త్రీ మైల్స్, ఆపోజిట్ డైరెక్షన్" (గడియారంలో పన్నెండు ఎదురుగా అనుకుంటే రెండు గంటల దిక్కున, మూడు మైళ్ళలో, ఎదురు దిశలో విమానం) అంటే రాడార్ కంట్రోలర్ లెక్కపెట్టేది మీ విమానం పోతున్న దారిని బట్టి. ముక్కు ఎటు ఉందో ఆయనకు తెలియదు. అడ్డగాలికి ముక్కు 15 డిగ్రీలు ఎడమకు తిప్పి ఎగురుతుంటే ఆయన చెప్పిన రెండు గంటల దిక్కు మీ అద్దంలో రెండున్నర దగ్గర పడుతుంది. చాలామంది "కనబడలేదు" అనడానికి ఇదొక కారణం. పైగా ఎయిర్‌పోర్టు రాడార్ నాలుగైదు సెకన్లకొకసారే తిరుగుతుంది. ఆలోగా పైన చెప్పిన, ఎదురెదురుగా వచ్చే ఇద్దరు ట్రైనీలూ దాదాపు నాలుగు వందల మీటర్లు దగ్గరవుతారు.

జవాబు రెండు రకాలే: కనబడింది, లేదా కనబడలేదు. "కనబడింది" అన్నాక బాధ్యత పైలట్‌ది, కంట్రోలర్ దృష్టి వేరే పని మీదికి పోతుంది. ఆ తర్వాత కంటి నుంచి జారిపోతే వెంటనే, సిగ్గుపడకుండా, కనబడటం లేదని చెప్పాలి. 1978 సెప్టెంబర్ 25న అమెరికాలో శాన్ డియేగో మీద పీఎస్ఏ 182 అనే బోయింగ్ 727 ఒక సెస్నా 172ను ఢీకొట్టింది. 144 మంది పోయారు, వాళ్ళలో 7 మంది నేల మీదివాళ్ళు. సెస్నా గురించి జెట్ పైలట్లకు ముందే చెప్పారు, వాళ్ళు కనబడిందన్నారు, తర్వాత అది కంటికి దూరమైంది. ఆ సంగతి కంట్రోలర్‌కు స్పష్టంగా చేరలేదు. ఢీకొనే ముందు కంప్యూటర్ హెచ్చరిక కూడా మోగింది, పైలట్‌కు కనబడుతోంది కదా అని దాని మీద కదలిక రాలేదు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో రాత్రిపూట సైనిక హెలికాప్టరూ ప్రయాణికుల జెట్టూ ఢీకొని 67 మంది పోయినప్పుడు కూడా, జెట్‌ను చూస్తున్నామనీ తామే ఎడంగా ఉంటామనీ హెలికాప్టర్ వాళ్ళు ఒప్పుకున్నారు. 46 ఏళ్ళ పైచిలుకు ఎడంలో అదే "కనబడుతోంది" అన్న మాట.

మన దేశంలో అందరికీ గుర్తున్నది 1996 నవంబర్ 12 నాటి చర్ఖీ దాద్రీ, 349 మంది పోయారు. అది వేరే రకం. రెండూ పెద్ద జెట్‌లు, కంట్రోలర్ ఒకదానికి 14,000, ఇంకోదానికి 15,000 అడుగులు సరిగ్గానే ఇచ్చారు, ఒకటి తన ఎత్తు దాటి దిగిపోయింది. అప్పటి ఢిల్లీ రాడార్‌లో ఎత్తు కనబడేది కాదు. ఆ తర్వాతే ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం మన దగ్గర తప్పనిసరి అయింది.

టీకాస్ పేరు చెప్పి చిన్న విమానాలవాళ్ళు నిశ్చింతగా ఉండకూడదు. సాధారణ ట్రైనర్‌లో అది ఉండదు. ఎదురొచ్చే జెట్‌లో ఉన్నా, మీ అబ్బాయి విమానంలో రాడార్ సిగ్నల్‌కు జవాబు పంపే పరికరం, అంటే ట్రాన్స్‌పాండర్, పలికితేనే అది చూడగలదు. ట్రాన్స్‌పాండర్ స్టాండ్‌బైలో మరిచిపోతే జెట్‌కు ఆ చిన్న విమానం లేనట్టే. ఎత్తు పంపకుండా ఆన్ చేస్తే జెట్‌కు "దగ్గర్లో ఎవరో ఉన్నారు" అని మాత్రమే తెలుస్తుంది, పైకి పో, కిందికి పో అన్న సలహా రాదు. కాబట్టి నాబ్ "ఆల్ట్" (ఎత్తు కూడా పంపే స్థానం) మీద ఉండాలి, టేకాఫ్ చెక్‌లిస్టులో దాన్ని వేలు పెట్టి చూడాలి. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్ దగ్గర సెరిటోస్‌లో అనుమతి లేకుండా కంట్రోల్ ప్రాంతంలోకి వచ్చిన పైపర్ విమానాన్ని ఏరోమెక్సికో డీసీ-9 ఢీకొని 82 మంది పోయారు. ఆ పైపర్ ట్రాన్స్‌పాండర్ ఎత్తు పంపేది కాదు. ఇంకో సంగతి: టీకాస్ పైకో కిందికో పొమ్మన్నప్పుడు జెట్ పైలట్ కంట్రోలర్ మాట కాదని దాని మాటే వినాలి. 2002 జూలై 1న జర్మనీలో యూబర్లింగెన్ మీద ఒక విమానం టీకాస్ మాట, ఇంకోటి కంట్రోలర్ మాట విని 71 మంది పోయారు. జెట్ అలా ఎత్తు మారుస్తున్నప్పుడు చిన్న విమానం తనకిచ్చిన ఎత్తు వదలకూడదు.

ఎత్తు అంటే గుర్తొచ్చింది, ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటరు) సెట్టింగు. అది గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెబుతుంది, అందుకే కంట్రోలర్ చెప్పిన పీడనం అంకెను పైలట్ అందులో పెట్టుకోవాలి. ఒక హెక్టాపాస్కల్‌కు సుమారు 27 అడుగులు. వానాకాలంలో మన తీరంలో పీడనం 1000 దగ్గర ఆడుతుంది, తుపాను వేళ ఇంకా కిందికి. కంట్రోలర్ 1003 అంటే 1013 అని విని తిప్పితే 270 అడుగుల తేడా. సూది 1,500 చూపిస్తుంటుంది, విమానం మాత్రం 1,230 అడుగుల దగ్గరే ఎగురుతుంటుంది. సర్క్యూట్‌లో ఇద్దరికి వేర్వేరు సెట్టింగులుంటే 500 అడుగుల ఎడం ఉందనుకున్నచోట సగం కూడా మిగలదు. అందుకే క్యూఎన్‌హెచ్ (కంట్రోలర్ ఇచ్చే ఆ పీడనం సెట్టింగు) అంకెలను ఒక్కొక్కటిగా తిరిగి చదివి వినిపించాలి, కంట్రోలర్ దాన్ని విని తప్పయితే దిద్దాలి. ఈ తిరిగి చదవడం చాదస్తం కాదు, రెండు వైపులా తప్పు పట్టుకునే ఏర్పాటు అదొక్కటే.

ఇక మన నెత్తి మీది సంగతి. విశాఖ ఎయిర్‌ఫీల్డు నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగ. అక్కడ ట్రాఫిక్ కంట్రోల్ కూడా నౌకాదళం చేతిలోనే ఉంది. దానికి ఈశాన్యాన భోగాపురం. పలాస వైపు ఇంకో ఎయిర్‌పోర్టు ప్రతిపాదన కూడా ఉంది. జెట్‌లకు నిర్ణయించిన దారులూ ఎత్తులూ ఉంటాయి కాబట్టి వాటి గురించి నేను పెద్దగా బెంగపడను. చూసుకోవాల్సింది తక్కువ ఎత్తులో వీఎఫ్ఆర్ మీద తిరిగే హెలికాప్టర్లనూ చిన్న విమానాలనూ. వాళ్ళకు సహజంగా దొరికే గుర్తులు మూడే: సముద్రపు ఒడ్డు, పదహారో నంబరు జాతీయ రహదారి, హౌరా-చెన్నై రైలు పట్టాలు. పోయేవాడూ వచ్చేవాడూ ఒకే గీత మీద ఎగిరితే ఎదురుపడటం ఖాయం. గీతను ఎడమచేతి వైపు ఉంచుకుని దానికి కుడి పక్కన ఎగరడం మంచి అలవాటు. 3,000 అడుగులు దాటితే నియమమే ఉంది: విశాఖ నుంచి శ్రీకాకుళం, సోంపేట మీదుగా బరంపురం వైపు పోతే దిక్కు 000 నుంచి 179 డిగ్రీల మధ్య పడుతుంది కాబట్టి 3,500, 5,500. తిరుగు దారిలో 4,500, 6,500. ఆ ఎత్తుకు లోపల ఈ విభజన లేదు, హెలికాప్టర్లు ఎక్కువగా తిరిగేది ఆ లోపలే.

ఉదయం పూట బంగాళాఖాతం మీంచి సూర్యుడు కళ్ళలో పడతాడు, చలికాలం మంచు తెర దానికి తోడు. సాలూరు, పార్వతీపురం వైపు కొండల వెనక తక్కువ ఎత్తులో పోతే రాడారూ రేడియో కూడా అందవు. రెండూ చూపు సాగినంత మేరకే పనిచేస్తాయి. 2018లో తిత్లీ లాంటి తుపాను తర్వాత సహాయానికొచ్చే హెలికాప్టర్లు, ఎన్నికలప్పుడు నాయకుల హెలికాప్టర్లు బడి మైదానాల్లో దిగుతాయి, అక్కడ టవర్ ఏముంటుంది? పెళ్ళి వీడియోల డ్రోన్లవాళ్ళకూ ఒక మాట: 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో గరిష్ఠ ఎత్తు 400 అడుగులు, ఎయిర్‌పోర్టు హద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులే. ఊళ్ళు లేనిచోట హెలికాప్టర్ 500 అడుగుల దాకా దిగి ఎగరొచ్చు. మధ్యలో మిగిలింది వంద అడుగులు. భోగాపురం చుట్టుపక్కల డ్రోన్ లేపే ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపు చూసి తీరాలి.

చివరగా, మీ అబ్బాయి ఇప్పుడు చెయ్యాల్సిన పని. జరిగినదాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇలా విమానాలు ప్రమాదకరంగా దగ్గరకు రావడాన్ని ఎయిర్‌ప్రాక్స్ అంటారు. గాల్లో ఉండగానే రేడియోలో "ఎయిర్‌ప్రాక్స్ రిపోర్టు" అని చెప్పడం పద్ధతి. చెప్పకపోయినా దిగాక స్కూల్ సేఫ్టీ అధికారి ద్వారా ఇవ్వొచ్చు. టైము యూటీసీలో, అంటే మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి. చోటు, ఎత్తు, దిశ, వేగం, క్యూఎన్‌హెచ్ సెట్టింగు, ట్రాన్స్‌పాండర్ కోడు, లైట్లు, ఎదుటి విమానం రంగు, రెక్క పైనా కిందా, మొదట చూసినప్పుడు ఎంత దూరం, అతి దగ్గరైనప్పుడు అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత, తను ఏమైనా తిప్పాడా, ట్రాఫిక్ సమాచారం అందిందా. మర్చిపోకముందే, ఇంకెవరితోనూ పోల్చుకోకముందే రాయాలి. పోల్చుకుంటే ఇద్దరి జ్ఞాపకాలూ ఒకటైపోతాయి. టవర్ రికార్డింగులు ఎప్పటికీ దాచరు, ఆలస్యమైతే చెరిగిపోతాయి. దర్యాప్తులో దీన్ని ఏ నుంచి డీ వరకు నాలుగు మెట్లలో పెడతారు: ఢీకొనే ప్రమాదం ఉంది, భద్రతకు హామీ లేదు, ప్రమాదం లేదు, తేల్చలేకపోయాం. తప్పించుకోవడానికి విమానాన్ని తిప్పాల్సి వచ్చిన దగ్గరి పోకను తీవ్ర సంఘటనగా లెక్కిస్తారు. దాని దర్యాప్తు 2012లో మొదలైన ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) పరిధిలోకి వస్తుంది.

రిపోర్టు ఇస్తే కుర్రాడి మీద మచ్చ పడుతుందేమోనని మీకు భయం ఉండొచ్చు. ఇలాంటి రిపోర్టు శిక్ష కోసం కాదు. స్కూలు మిమ్మల్ని వద్దని ఆపితే అదే మీకు ఆ స్కూలు గురించి చెప్పాల్సింది చెబుతుంది. వెళ్ళి మూడు విషయాలు అడగండి: ఒకేసారి సర్క్యూట్‌లో ఎన్ని విమానాలకు ఒప్పుకుంటారు, వేగం తేడా ఉన్న రెండు రకాల విమానాలను ఒకే గంటలో కలిపి తిప్పుతారా, సోలో ట్రైనీ ఎగురుతున్నప్పుడు రేడియో దగ్గర ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారా.